తూము వెడల్పు చెప్పారు, చెరువు సంగతి చెప్పలేదు

మొన్నటి మే నెలలో, హనుమకొండలో రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ కాస్తున్న ఒక మధ్యాహ్నం, మా పక్కింటాయన ఫోనూ చార్జరూ చేతబట్టుకొని మా గడప తొక్కారు. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో కాలి, పదకొండింటి నుంచే కరెంటు లేదు. మా ఇంట్లో పాత ఇన్వర్టరు మీద రెండు ఫ్యాన్లు మూలుగుతూ తిరుగుతున్నాయి. ఏడాది కింద ఆయన మేడ మీద పెట్టించిన మూడు కిలోవాట్ల సోలార్ పలకలు మా కిటికీలోంచి చూస్తే కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. ఆయన ఇంట్లో మాత్రం చీకటి, ఉక్క.

“గదేంది సార్, మీద ఎండ మండుతాంది, కింద ఫ్యాను తిరుగుతలేదు. అన్ని పైసలు పెట్టింది గిందుకేనా?” అన్నారు.

నేను భౌతికశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి. జవాబు తెలుసు. గ్రిడ్డుకు, అంటే ఊరూరినీ కలిపే కరెంటు తీగల వలకు, కలిపిన సోలార్ ఇన్వర్టరు, వీధి తీగలో కరెంటు లేదని పసిగట్టిన మరుక్షణం తనంతట తాను ఆగిపోవాలి. ఆగకపోతే, లైను చచ్చిపడి ఉందనుకొని స్తంభమెక్కిన మనిషి, ఎవరో మేడ మీద పుట్టించిన కరెంటుకు బలైపోతాడు. ఇదంతా ఆయనకు చెప్పాను. విన్నారు, తలూపారు, ఆ తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం నన్ను మూడు నెలలుగా వదలడం లేదు: “మరి పొద్దటి సంది పలకలు చేసిన కరెంటు ఎక్కడ జమైంది సార్? గవర్నమెంటు దగ్గర జమ ఉంటది, రాత్రికి వాపసు తీసుకోవచ్చు అన్నడు కదా పెట్టినాయన?”

ఎక్కడా జమ కాలేదు. ఎన్నడూ కాదు. ఆ మాట అప్పుడు అంత సూటిగా చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఖాతా వేరు, గుమ్మి వేరు

పగలు ఆయన పలకలు వీధిలోకి పంపిన యూనిట్లనూ, రాత్రి ఆయన వీధి నుంచి తీసుకున్న యూనిట్లనూ మీటరు లెక్కగట్టి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తుంది. అది ఖాతా పుస్తకం. షావుకారు దగ్గర వడ్లు పోసి, ఆరు నెలల తర్వాత వడ్లు తెచ్చుకుంటే, మనం పోసిన వడ్లే మనకు రాకపోయినా, ఎక్కడో ఒక గుమ్మిలో వడ్లు ఉన్నమాట నిజం. గ్రిడ్డుకు అలాంటి గుమ్మి లేదు. ఈ క్షణం పుట్టిన కరెంటు ఈ క్షణమే ఎవరో ఒకరు వాడాలి. వాడకం పెరిగి పుట్టుక తగ్గితే, దేశమంతటా సెకనుకు యాభై సార్లు ఊగవలసిన విద్యుత్తు ఆ లయ తప్పి మందగిస్తుంది. మరీ తప్పితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఒక్కొక్కటే విడిపోతాయి. 2012 జులై చివరి రెండు రోజుల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాల్లో సుమారు అరవై కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైనప్పుడు జరిగింది అదే. మనకు ఆ దెబ్బ తగలకపోవడానికి కారణం మన గొప్పతనమేమీ కాదు, అప్పటికి దక్షిణ గ్రిడ్డు ఉత్తరాదితో ఒకే లయలో కలిసి లేదు, అంతే. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూర్ లైనుతో ఆ కలయిక జరిగింది.

కాబట్టి మా పక్కింటాయన ఆ పొద్దున పంపిన యూనిట్లు ఆ నిమిషంలోనే పక్క వీధి ఫ్యాన్లలో కరిగిపోయాయి. రాత్రి ఎనిమిదింటికి ఆయన ఏసీ పట్టిన కరెంటు కొత్తగా, బహుశా చెల్పూరులోనో రామగుండంలోనో బొగ్గు కాల్చి పుట్టించింది. ఖాతాలో రెండూ సమానం. గ్రిడ్డు నడిపేవాడికి ఆ రెండు యూనిట్ల నడుమ పగలుకూ రాత్రికీ ఉన్నంత తేడా ఉంది.

దీని వల్ల నేను ఆయనను తప్పుపట్టడం లేదు. ఆయన పంపిన కరెంటు నిజంగానే దూరపు లైన్లలో పోయే నష్టాన్ని కొంత తగ్గించింది. అయితే సోలార్ పలకల లెక్కను నిల్వ లెక్కగా చెప్పే అలవాటు డీలర్ల దగ్గర ఆగడం లేదు. పత్రికల్లోనూ, సభల్లోనూ అదే ధోరణి. ఇన్ని వేల మెగావాట్ల సోలార్ వచ్చింది కనుక ఇక లోటు లేదన్న మాట విన్నప్పుడల్లా, వానాకాలంలో పడిన వాన లెక్క చూసి వేసవిలో నీళ్లకు కొదువ లేదన్నట్టు ఉంటుంది. పడిన వానకూ ఆగిన నీటికీ నడుమ చెరువు ఉండాలన్న సంగతి వరంగల్లు వాళ్లకు ఒకరు చెప్పాలా?

తూము, చెరువు, అలుగు

చెరువు మాట వచ్చింది కనుక దాన్నే పట్టుకుంటాను. చెరువు గురించి అడగవలసిన ప్రశ్నలు రెండు. తూము ఎత్తితే ఒక్కసారిగా ఎంత నీరు దూకుతుంది? చెరువులో మొత్తం ఎంత నీరుంది? మొదటిది మెగావాట్లు, రెండోది మెగావాట్-గంటలు, అంటే ఒక్కొక్కటీ వెయ్యి యూనిట్లు. తూము ఎంత వెడల్పుదైనా చెరువు చిన్నదైతే, మడి తడవకముందే మట్టి తేలుతుంది. చెరువు సముద్రమంతదైనా తూము సన్నదైతే నాటు అదను దాటిపోతుంది. అయినా మన వార్తల్లో ‘ఇన్ని మెగావాట్ల బ్యాటరీ’ అని రాసి ఊరుకుంటారు. అది తూము కొలత మాత్రమే. దక్షిణ ఆస్ట్రేలియాలో హార్న్స్‌డేల్ దగ్గర 2017లో పెట్టిన బ్యాటరీ అప్పట్లో ప్రపంచమంతా మారుమోగింది. దాని తూము 100 మెగావాట్లు, చెరువు 129 మెగావాట్-గంటలు. పూర్తిగా ఎత్తితే గంటా పావు దాటి కాసేపటికి ఖాళీ. ఆ బ్యాటరీని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఎక్కడో ఒక పెద్ద యంత్రం పడిపోయినప్పుడు కన్ను మూసి తెరిచేలోగా ఆదుకోవడమే దాని అసలు పని, ఆ పనికి గంటా పావు ఎక్కువే. రాత్రంతా ఊరిని వెలిగించడానికి మాత్రం అది చాలదు.

మూడోది అలుగు. చెరువు నిండాక వచ్చే నీరు మత్తడి దూకి పోతుంది. మధ్యాహ్నం సోలార్ పొంగినప్పుడు, తీసుకునేవాడు లేక, తగ్గించుకోమని చెప్పడం కూడా మత్తడి దూకడమే. కాకతీయుల ఇంజినీర్లు గొలుసుకట్టుగా చెరువులు వేసింది ఒక చెరువు మత్తడి నీరు ఇంకో చెరువుకు ఆదరువు కావాలనే కదా. విద్యుత్తులో మనకు పై చెరువు ఉంది, మత్తడి కూడా వచ్చింది, కింది చెరువు ఇంకా చాలినంత తవ్వలేదు.

ఈ పోలిక ఒకచోట తెగుతుందని ఒప్పుకోవాలి. పాకాల చెరువు ఏడాదికి ఒకసారి నిండి ఏడాదంతా ఇస్తుంది. బ్యాటరీని అలా వాడితే కొంప మునుగుతుంది. దాని ఖర్చు గిట్టాలంటే రోజూ నిండాలి, రోజూ ఖాళీ కావాలి, అలా కొన్ని వేల సార్లు జరగాలి. వానాకాలంలో వారం రోజులు ముసురు పట్టినప్పటి కోసం బ్యాటరీలు కొని పెట్టుకోవడం, పెళ్లికొచ్చే చుట్టాల కోసం ఏడాదంతా యాభై మంచాలు వేసి ఉంచడం లాంటిది.

డబ్బాలో ఏముంది

మా ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ ఆ వేసవిలోనే చచ్చిపోయింది. చూడవచ్చిన మెకానిక్ మూతలు విప్పి, టార్చి వేసి, “బ్యాటరీకి కూడా దూపయితది సార్” అన్నాడు. నీళ్లు పోసి ఏడాది దాటింది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉండవలసిన సీసపు పలకలు పైకి తేలి తెల్లబడ్డాయి. కరెంటు ఇచ్చేటప్పుడు రెండు రకాల పలకలూ లెడ్ సల్ఫేటుగా మారుతాయి. చార్జి చేసినప్పుడు మళ్లీ మొదటి రూపానికి వస్తాయి. ఖాళీ చేసి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టిపడి, తిరిగి రానంటుంది. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టినప్పటి నుంచి దీని మూల గుణం ఇదే. దానికి తోడు మన ఎండలు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఆ రంగంలో అందరూ చెప్పే లెక్క.

ఆ రోజు కూర్చొని ఒక లెక్క వేశాను. పన్నెండు వోల్టులు, నూటయాభై ఆంపియర్-గంటలు. గుణిస్తే 1,800 వాట్-గంటలు, అంటే 1.8 యూనిట్లు. పలకలు చెడకుండా ఉండాలంటే అందులో సగమే వాడుకోవాలి, అంటే ఒక్క యూనిట్టు కూడా కాదు. పది రూపాయలు కూడా విలువ చేయని కరెంటును దాచుకోవడానికి, ఇద్దరు మోయవలసిన, పదిహేను వేలు పోసి కొన్న డబ్బా. నిల్వ ఎంత ఖరీదైన సంగతో నాకు పాఠాలు చెప్పినన్నాళ్లూ తెలియలేదు, చచ్చిన బ్యాటరీ ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

లిథియం బ్యాటరీలో ఈ బాధ తక్కువ. అందులో పలక కరిగి ఇంకోటిగా మారదు. లిథియం అయాన్లు ఒక వైపు గ్రాఫైటు పొరల్లోంచి బయలుదేరి, ఇంకో వైపు ఐరన్ ఫాస్ఫేటులాంటి పదార్థపు సందుల్లో చేరి కూర్చుంటాయి, మళ్లీ వెనక్కి వస్తాయి. ఇల్లు కూలదు, అద్దెకున్నవాళ్లు మాత్రం మారుతుంటారు. అందుకే వేల సార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకుంటుంది, పెట్టిన నూరు యూనిట్లలో ఎనభై అయిదూ తొంభై దాకా తిరిగి ఇస్తుంది. దానికుండే భయం వేరు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో, ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ రాత్రిపూట పేలి ఒక పెద్దాయన చనిపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. మా ఇంట్లో లిథియం అనగానే మా ఆవిడ ఆ మాటే ఎత్తింది. అన్ని లిథియం రకాలూ ఒకేలా మండవని, ఐరన్ ఫాస్ఫేటు రకం కొంత నిబ్బరమైనదని చెప్పాను. “కొంతనా?” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. నేను మళ్లీ సీసపు బ్యాటరీయే కొన్నాను.

బొగ్గు కుప్ప చెప్పిన మాట

గోదావరిఖనిలో ఉండే మా పెద్ద బావ సింగరేణిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఈ సోలార్ మాటలు ఆయనకు గిట్టవు. ఒకసారి ఆయన ఇంటి అరుగు మీద కూర్చొని బ్యాటరీల గురించి చెప్పబోతే, “బ్యాటరీ గిక్కడనే ఉండె కదా బావా, నువ్వు సూస్తలేవు. ప్లాంటు ముంగట పోసిన బొగ్గు కుప్ప ఏంది మరి?” అన్నారు.

ఆయన వాదించడానికి అన్న మాట నాకు కళ్లు తెరిపించింది. ఒక యూనిట్టు కరెంటుకు సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు పడుతుంది. అంటే ఇద్దరు మోయవలసిన మా డబ్బాలో పట్టే కరెంటు, కిలో పైచిలుకు బొగ్గులో ఉంది. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం ముందున్న కుప్ప రోజుల తరబడి సరిపోయే నిల్వ. నూరేళ్లకు పైగా మనం నిల్వ గురించి ఆలోచించనక్కరలేకపోయింది, ఎందుకంటే భూమి లక్షల ఏళ్లు కూడబెట్టిన నిల్వను తవ్వి తెచ్చుకుంటున్నాం. బొగ్గు నుంచి సోలారుకు మారినప్పుడు మనం ఒక ఇంధనాన్ని మాత్రమే మార్చడం లేదు. కుప్పను వదులుకొని ప్రవాహాన్ని తెచ్చుకుంటున్నాం. ఆ రామగుండంలోనే, కేంద్రపు జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. ఒడ్డు మీద కుప్ప, నీటి మీద ప్రవాహం. పక్కపక్కనే ఉన్నా ఒకటి రాత్రికి నిలుస్తుంది, ఒకటి నిలవదు.

బావ వాదంలో లోపం ఇంకోచోట ఉంది. కుప్ప ఎప్పుడైనా వాడుకోవచ్చు, నిజమే. బాయిలరు మాత్రం ఎప్పుడంటే అప్పుడు మాట వినదు. చల్లారిన బాయిలరు యూనిట్టును మళ్లీ లేపడానికి గంటలు పడుతుంది. నడుస్తున్నదాన్ని కూడా సగానికి కొంచెం పైన ఆపాలి, అంతకంటే దించలేం. మధ్యాహ్నం సోలార్ కోసం దించి సాయంత్రం దీపాల కోసం ఎగదోస్తుంటే, ఆ వేడీ చల్లార్పులకు గొట్టాలు అలసి పగులుతాయి. ఈ మాట చెబితే బావ కాసేపు ఊరుకొని, “అవు, షిఫ్టుల యూనిట్టు ట్రిప్పయిందంటే పొద్దంతా గదే లొల్లి” అన్నారు.

నీటిని పైకెక్కిస్తే

ఇక్కడ చాలామంది, నాతో సహా, కాళేశ్వరం వైపు చూస్తాం. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో ఒక్కొక్కటీ 139 మెగావాట్ల పంపులు గోదావరి నీటిని నూరు మీటర్లకు పైగా ఎత్తుతాయి. ఎత్తిన నీటిని రాత్రి మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసుకోకూడదా? ఆ పంపులు ఎత్తడానికి మాత్రమే కట్టినవి, తిరిగి ఇచ్చేవి కావు. తిరిగి ఇచ్చేవి మనకు కృష్ణ మీద ఉన్నాయి: శ్రీశైలం ఎడమ గట్టున ఆరు యంత్రాలు, 900 మెగావాట్లు. నాగార్జునసాగర్‌లోనూ ఏడు అలాంటివే. అవి కూడా కింద నీరుంటేనే పైకి తోడగలవు. కింద నీరు ఉంచాలా వద్దా అన్నది కరెంటు ఇంజినీరు ఒక్కడి చేతిలో ఉండే సంగతి కాదు, సాగు ఉంది, తాగునీరు ఉంది, పక్క రాష్ట్రం ఉంది.

ఉత్సాహం కొద్దీ ఇంకో లెక్క వేసి నేనే చప్పబడ్డాను. ఒక టీఎంసీ నీరు నూరు మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఏ నష్టమూ లేదనుకున్నా, వచ్చేది 77 లక్షల యూనిట్లు. 2025 మార్చిలో రాష్ట్రపు గరిష్ఠ డిమాండు 17,000 మెగావాట్లు దాటింది. ఆ స్థాయిలో 77 లక్షల యూనిట్లు అరగంట కూడా రావు. ఒక టీఎంసీ, అరగంట! మా మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు సంగతి చెప్పనే అక్కరలేదు, పది మీటర్ల ఎత్తులో నిండా ఉన్నా దాని శక్తితో తొమ్మిది వాట్ల బల్బు మూడు గంటలు వెలుగుతుంది.

రెండు రోజులు ఆ లెక్క ముందు దిగులుగా కూర్చున్నాక తోచింది ఏమంటే, నిల్వ రాష్ట్రాన్నంతా మోయనక్కరలేదు. గరిష్ఠ డిమాండు నెత్తి మీది పలచటి పొరను, ఆ కొన్ని గంటలు, మోస్తే చాలు. ఆ పొర కోసమే ఖరీదైన కరెంటు కొంటాం, ఆ పొర కోసమే పాత బాయిలర్లకు ఊపిరి పోసి ఉంచుతాం. అప్పుడు ప్రశ్న మారింది: ఆ పొరను పలచన చేయడానికి అన్నిటికంటే చవకైన నిల్వ ఏది?

మా చిన్నాయన బాయి

నర్సంపేట అవతల మా చిన్నాయనకు మూడెకరాలుంది. పాకాల కాలువ కింద కాదు, బాయి కింద. ఆయనకు రాత్రి కరెంటు కాలం బాగా గుర్తు. “రాత్రి రెండింటికి లైను వొస్తే టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోయెటోళ్ళం. పాము కరిసి పోయినోళ్ళు మనూర్లనే ఇద్దరు” అంటారు. 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చినప్పుడు ఆయన సంబరపడ్డారు. రెండేళ్లలో ఆ సంబరం కొంత తగ్గింది. పక్క పొలాల్లో, కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపించే ఆటో స్టార్టర్లు పెట్టి వదిలేస్తే, మోటార్లు రాత్రంతా నడిచి, తెల్లారేసరికి బాయి అడుగంటేది. మన దగ్గర కింద గట్టి రాయి. నీరు పైనున్న మెత్తటి పొరలోనూ, రాతి పగుళ్లలోనూ ఉంటుంది. తోడిన బాయి మళ్లీ ఊరడానికి గంటలు పడుతుంది, ఆ గంటలు రాత్రి గంటలే. “బాయికి నిద్ర ఉండాలె బిడ్డా” అన్నారు చిన్నాయన. “పొద్దుగాల తొమ్మిది గంటలు ఆగకుంట ఇస్తే నాకు రాత్రి కరెంటెందుకు?”

నా అభిప్రాయం ఆ మాట దగ్గరే స్థిరపడింది. పగటి కరెంటుతో తోడి మడిలో నిలిపిన నీరే నిల్వ. రాత్రి ఊరే బాయి ఇంకో నిల్వ. రెండింటికీ లిథియం అక్కరలేదు. రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షలకు పైనే. మోటారు సగటున అయిదు హార్స్‌పవర్ అనుకుందాం. సాయంత్రమో రాత్రో నడిచే మోటార్లలో, మొత్తం మీద పదింట ఒకటి పగటికి జరిగినా, ఆ వేళల నుంచి తప్పే భారం 900 మెగావాట్లు దాటుతుంది. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రమంత! కొండ తొలవకుండా, టర్బైను తిప్పకుండా. బ్యాటరీలకు పెట్టే మొదటి రూపాయి కంటే ముందు, పగటి లైను తెగకుండా ఇవ్వడానికి కావలసిన ట్రాన్స్‌ఫార్మర్లకూ, ఫీడర్లకూ రూపాయి పెట్టాలని నేననేది అందుకే.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. అందరూ ఒకేసారి పగలు మోటార్లు వేస్తే ఊరి ట్రాన్స్‌ఫార్మర్లు మాడిపోతాయి. నిజం, వంతులు కావాలి. వంతులు పెట్టడానికి ఒకప్పటి ఊళ్లలో నీరటికాడు ఉండేవాడు, ఎవరి మడికి ఎప్పుడు తూము ఎత్తాలో ఆయనకు తెలిసేది. ఇప్పుడు సబ్‌స్టేషన్లో ఆ పని చేసేవాడికి రైతు ఎవరో తెలియదు. రెండోది, ఇది యాసంగికి పనికొచ్చే ఉపాయం. వానాకాలంలో మోటార్లే నడవనప్పుడు జరపడానికి ఏమీ ఉండదు. మూడోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది: సర్దుకోవలసింది మళ్లీ రైతేనా? పట్నంలో ఏసీ వేసుకునే మేము ఎప్పుడు సర్దుకుంటాం? రాత్రి కరెంటు కాలంలో కూడా, పగలు ఫ్యాక్టరీలకూ పట్నాలకూ ఇవ్వడానికే కదా రైతును రాత్రికి నెట్టింది. ఈసారి నెట్టేది రాత్రి నుంచి పగటికి, చిన్నాయన అడుగుతున్న వైపుకే. అయినా ఆ తొమ్మిది గంటలకు పూచీ లేకపోతే ఇది పాత అన్యాయానికి కొత్త పేరవుతుంది.

ఇక సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఇళ్లలో వెలిగే పొర మిగులుతుంది. దాన్ని ఏ బాయీ మోయదు. అక్కడికి బ్యాటరీలు కావాలి, వీలైనంత మటుకు ఇళ్లలో కాక సబ్‌స్టేషన్లలో ఉండాలి. నిప్పును చూసుకోవడానికి అక్కడ మనిషి ఉంటాడు, రోజూ నింపి ఖాళీ చేసే పనీ ఉంటుంది. ఇంటింటికీ బ్యాటరీ అన్నది, ఊరికి చెరువు తవ్వకుండా ఇంటింటికీ ట్యాంకు కొనిపించడం లాంటిదని నా అనుమానం.

పక్కింటాయన మాత్రం నా అనుమానాలకు ఆగలేదు. మేడ మీది పలకలకు బ్యాటరీ తగిలించే ఆలోచనలో ఉన్నారు. మొన్న ఆదివారం డీలరు పంపిన కొటేషను తెచ్చి నా ముందు పెట్టారు. ‘అయిదు కిలోవాట్ల లిథియం బ్యాటరీ, పదేళ్ల వారంటీ’ అని ఉంది. కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాను. ఎన్ని యూనిట్లు పడతాయో ఎక్కడా లేదు. ఆ ఒక్క ప్రశ్నా ఆయన చేతే ఫోనులో అడిగించాను. “చెరువు ఎంతనో అడుగుతుండు మా సార్” అని నవ్వుతూ అన్నారు ఆయన. అటు వైపు అబ్బాయి కనుక్కొని చెబుతానన్నాడట. నాలుగు రోజులైంది.